పలక సందులోంచి బోణీ

మొన్న సైదాబాద్‌లో మా ఇంటి ఎదురుగా ఒక కుర్రవాడు సెల్‌ఫోన్ తొడుగులమ్మే కొట్టు తెరిచాడు. పొద్దున్నే వచ్చి, "తాతా, మీ చేత్తోని బోణీ గావాలె, జర రాండ్రి" అని చెయ్యి పట్టుకున్నాడు. నెరిసిన తల చూసి పిలిచాడు పాపం. ఆ చెయ్యి ఎలాంటిదో అతనికేం తెలుసు? ఒకప్పుడు కార్వాన్ బస్తీలో నేను నిద్ర లేచేదాకా బజారంతా తలుపులు తీయకుండా కూర్చునేది. నేను ముఖం కడుక్కుని గల్లీలోకి అడుగుపెడితే అటూ ఇటూ సేట్లు లేచి నిలబడి, మా దుకాణానికి ముందంటే మా దుకాణానికి ముందని లొల్లి పెట్టుకునేవారు. సరే, బజారంతా కాదు. మూడు దుకాణాలు. మూడు కూడా ఎక్కువే. మా మేనమామది ఒకటి, ఆయన తోడల్లుడిది ఇంకొకటి, మూడోది నేను ఇప్పుడే కలిపాను. లేచి నిలబడటం కూడా అబద్ధమే, మా మామ మోకాళ్ళ నొప్పులతో ఎవరికోసమూ లేచేవాడు కాదు. కానీ నా చెయ్యి బోణీకి మంచిదన్నది మాత్రం నిజం. అంటే, మంచిదని అందరూ అనుకున్నది నిజం. ఈ రెంటికీ మధ్య దూరం ఉందని నాకు తెలియడానికి ఒక లెక్కల మాస్టారు, ఒక మిర్చిబజ్జీల బండి, మా అవ్వ చింతగింజ కావలసివచ్చాయి.

మా బాపు బేగంబజార్ గోదాములో గుమాస్తా. తెల్లవారకముందే సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. మేము ఉండేది మామ రాజేశం ఇంట్లోనే. ముందు గదిలో ఆయన కిరాణా దుకాణం, వెనక మా అందరి కాపురం. కాబట్టి నా చిన్నతనమంతా బెల్లం, ఇంగువ, గోనెసంచుల వాసనలో గడిచింది. బడికి వేసుకెళ్ళే చొక్కా కూడా మిరపకాయల ఘాటు కొట్టి, పక్కవాడికి తుమ్ములొచ్చేవి. దుకాణానికి పలకల తలుపు. నిలువు పలకలు ఒక్కొక్కటీ గాడిలోంచి జరిపి తీయాలి. మామ లోపల స్నానం చేసి, తడి జుట్టుతోనే తరాజుకు పసుపు బొట్టు పెట్టి, లక్ష్మీదేవి పటం ముందు ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టెకు దండం పెట్టేవాడు. ఆ తరువాత ఊదుబత్తి పొగ మధ్య కదలకుండా కూర్చునేవాడు, నేను లేవాలి గనక.

నా చేతి మహిమ ఎలా బయటపడిందంటే, చాలా చిన్నప్పుడు ఒక పొద్దున నేను పుట్నాలు కొనుక్కున్న రోజే ఒక పెళ్ళివారు వచ్చి కందిపప్పు బస్తాలకు బస్తాలు ఎత్తుకుపోయారట. అంతే. నాటి నుంచి రోజూ తొలి బేరం నాదే. మా అమ్మమ్మ, ఇంట్లో అందరికీ అవ్వే, నా చేతిలో ఒక పైసల బిళ్ళ పెట్టేది, నేను వెనకగుమ్మం గుండా బయటికి వెళ్ళి, వీధి వైపు నుంచి గొప్ప గిరాకీలాగా వచ్చి, బెల్లం ముక్క కొనేవాణ్ణి. మామ ఆ బిళ్ళను కళ్ళకద్దుకుని గల్లాలో వేసేవాడు. ఇందులో ఒక చిక్కుంది, అది నాకు పెద్దయ్యాకగానీ తట్టలేదు. ఆ బిళ్ళ ముందురోజు సాయంత్రం అవ్వ మామ గల్లాలోంచి అడిగి తీసుకున్నదే. ఆయన డబ్బుతో ఆయనకే బోణీ. అడిగితే, "మా అవ్వ చేతికి వచ్చినంక అది అవ్వ పైసా" అనేవాడు మామ. ఆ తర్కానికి ఎదురు చెప్పగలవాడు కార్వాన్‌లో లేడు.

నాది మంచి చెయ్యి అయినప్పుడు చెడ్డ చెయ్యి కూడా ఒకటి ఉండాలి కదా. అది నర్సింలుది. వాడూ నేనూ పదో తరగతి, ఒకే బెంచీ. వాళ్ళమ్మ బాలమణి లారీల అడ్డా దగ్గర పొద్దున పూట పూరీలు, మిర్చిబజ్జీలు వేసేది. బండి పొయ్యి అంటుకోవాలంటే నూనె, శనగపిండి నర్సింలు తేవాలి. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు వాడు మా దుకాణంలో తొలి బేరం చేసిన రోజున తరాజు గొలుసు తెగి నూనె డబ్బా మీద పడింది. దుకాణమంతా నూనె మడుగు. ఆ మాట గల్లీలో తక్కిన సేట్లకూ పాకింది. అప్పటినుంచి వాడు రోజూ రోడ్డుకు అవతల, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు పక్కన, ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడేవాడు. నేను లేచి, అవ్వ కాల్చిన జొన్నరొట్టెలో మజ్జిగ మిరపకాయ నంజుకుని తిని, బోణీ చేస్తేగానీ వాడికి నూనె లేదు. ఆ తరువాత వాడు బండి దాకా పరుగెత్తి, అక్కణ్ణించి బడికి పరుగెత్తేసరికి మొదటి గంట అయిపోయేది. ఆ ఏడు పెద్దసారు పిలిచి చెప్పేశారు: ఆలస్యంగా వచ్చిన రోజుకు హాజరు లేదు, ఇలాగే సాగితే హాజరు చాలక పదో తరగతి పరీక్షకు పంపడం కుదరదు.

అలాంటి సమయంలో వచ్చారు మా లెక్కల మాస్టారు మూర్తిగారు. కోస్తా వైపు మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు కలాలు. సాంఖ్యకశాస్త్రం పాఠం మొదలుపెట్టి, పుస్తకంలో లెక్కలు కాదు, మీ గల్లీలోంచే ఒక సంగతి తీసుకుని ఇద్దరిద్దరు కలిసి పరిశోధన చెయ్యండి అన్నారు. ముందు ఒకే ఒక్క వాక్యం రాసి తెమ్మన్నారు. దాని పేరు పరికల్పనట. పెద్ద కష్టమేముంది? మిగతావాళ్ళు తలలు గోక్కుంటుంటే నేను నిమిషంలో రాసి ఇచ్చాను: "నా చేతి బోణీ చాలా మంచిది."

ఆయన చదివి నన్ను లేపారు. "ఎవరికి మంచిదోయ్?"

"దుకాణానికి సార్."

"మంచిదంటే ఏవిటి? దుకాణానికి జ్వరం తగ్గుతుందా?"

తరగతి నవ్వింది. నేను కూర్చుని మళ్ళీ రాశాను: "నేను బోణీ చేసిన రోజు దుకాణం బాగా నడుస్తుంది."

"నువ్వు చెయ్యని రోజు?"

"ఇప్పుడు నేను చెయ్యని రోజు లేదు సార్."

"మరి దేనితో పోల్చి బాగా అంటున్నావు?"

ఇది అన్యాయమనిపించింది. బాగుపడే ప్రతి సంగతినీ దేనితోనో పోల్చాలా? మూడోసారి చాలా జాగ్రత్తగా రాశాను: "నేను బోణీ చేసిన రోజు బేరాలు ఎక్కువ. ఒకవేళ తక్కువైతే దానికి వేరే కారణం ఉంటుంది." మూర్తిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "ఇది వకీలు రాయాల్సిన వాక్యంరా అబ్బాయ్. ఎటు తిరిగినా నువ్వే గెలుస్తున్నావు. ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావో అది చెప్పు ముందు."

"నా మాట తప్పు గాదు సార్."

"కాకపోవచ్చు. కానీ తప్పు కావడానికి ఒక దారి తెరిచి ఉంచాలి. ఆ దారి మూసేసిన మాటను పూజ చేసుకోవచ్చు గానీ పరీక్ష చెయ్యలేం."

నర్సింలు లేచాడు. "సార్, వీడు ఒకరోజు, నేను ఒకరోజు బోణీ చేస్తం. నా రోజుల కన్న వీని రోజులల్ల బేరాలు ఎక్కువ గాకపోతే వీని మాట తప్పు. అట్లయితే నా చెయ్యి చెడ్డదన్న మాట గూడ తప్పే."

"అదీ" అన్నారు మూర్తిగారు. అంతే అన్నారు గానీ, ఆయన ఎవరినైనా అంతకంటే ఎక్కువగా మెచ్చుకోవడం నేను తరువాత కూడా చూడలేదు.

ఇక బేరాలు లెక్కపెట్టడమెలా? మామ గల్లా సంగతి భార్యకు కూడా చెప్పడు. అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. అవ్వ రోజూ మధ్యాహ్నం వెనకగదిలో పాత పేపర్లు పరుచుకుని, మైదా ఉడికించిన లై పూసి, కాగితపు సంచులు అంటించేది. ఎండిన సంచులను కట్టలు కట్టి బుట్టలో పెడితే మామ వాటిలోనే సరుకు పోసి ఇచ్చేవాడు. రాత్రికి బుట్టలో ఎన్ని కట్టలు తగ్గాయో అవ్వకు నోటికి తెలుసు. సంచులు ఎన్ని పోతే బేరాలు అన్ని. ఈ ఉపాయం నాదే. కాదు, నర్సింలుది. లై వాసన చూసి ఆకలేస్తోందని అన్నవాణ్ణి మాత్రం నేనే.

మామను ఒప్పించడం మేమనుకున్నంత కష్టం కాలేదు. నా చేతి గొప్ప బడి పుస్తకంలో ఎక్కుతుందని చెప్పాను.

"రాస్తరా? సార్లు సంతకం గూడ పెడ్తరా?" అన్నాడు మామ.

"పెడ్తరు మామా."

"అయితే రాయుండ్రి. లోకానికి తెల్వాలె. గీ నర్సిగాని రోజులల్ల నాకు లుక్సాన్ అయితది, అయినా నీ కోసం ఓర్సుకుంట అల్లుడా."

ఎవరు ఏరోజు చెయ్యాలో మేము నిర్ణయించకూడదని మూర్తిగారు గట్టిగా చెప్పారు. అందుకు అవ్వ తన పచ్చీసు ఆట చింతగింజ తీసింది, ఒకవైపు అరగదీసి తెల్లగా ఉంటుందే, అది. పొద్దున్నే గింజ వేసేది. తెలుపు పడితే నేను, నలుపు పడితే నర్సింలు. సంచులంటించే మూల గోడ మీద నా రోజుకు సున్నపు చుక్క, వాడి రోజుకు పసుపు చుక్క, దాని కింద పోయిన కట్టలకు గీతలు.

కొన్నాళ్ళకే ఫలితం కళ్ళకు కట్టింది. సున్నపు చుక్కల కింద గీతలు బారులు తీరాయి. పసుపు చుక్కల కింద అరకొర. నేను బడిలో చెయ్యి జేబులోంచి తీయడం మానేశాను, అంత విలువైనది ఎండకు ఎందుకని. నర్సింలు మధ్యాహ్నం తాను తెచ్చిన బజ్జీ నాకు సగం ఇవ్వడం మానేశాడు.

మూర్తిగారు ఆ గీతలు చూసి నన్ను మెచ్చుకోకుండా నర్సింలునడిగారు. "నీ వంతు రోజున ఆ సేటు ఏం చేస్తుంటాడు?"

"ఏం జేస్తడు సార్, మూతి ముడుసుకోని కూసుంటడు. పెసర్లడిగితే లెవ్వంటడు, బస్తా కాళ్ళ కాడనే ఉంటది. నిన్న ఖాసిం భాయ్ వచ్చి, 'క్యా సేఠ్, ఆజ్ మూ లట్కాకో కైకూ బైఠే' అని నవ్వి, ఎదురుంగ దుకాణంల కొనుక్కపోయిండు."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అది నిజం. వాడి రోజుల్లో మామ ముఖం వేలాడేసుకుని, పై అరలోని సరుకు అడిగితే నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి, పొద్దుగూకకముందే పలకలు వేసేయడం నేనూ చూశాను. నా రోజుల్లో ఆయనే పిల్లల చేతిలో పుట్నాలు పోసి, ఆడవాళ్ళను అక్కా చెల్లె అని పలకరించి, అడగని సరుకు కూడా అంటగట్టేవాడు. మూర్తిగారు మా వాక్యాన్ని మళ్ళీ రాయమన్నారు. ఈసారి నేను రాయలేదు, నర్సింలు చెబుతుంటే రాశాను: "తొలి బేరం ఎవరిదో రాజేశం సేటుకు తెలియనప్పుడు కూడా, జగదీశం చేసిన రోజుల్లో నర్సింలు చేసిన రోజుల్లో కంటే సంచులు ఎక్కువ పోతాయి. పోకపోతే జగదీశం మాట తప్పు." జగదీశం నేనే. నా పేరు పక్కన తప్పు అన్న మాట నా దస్తూరీతోనే రాయాల్సి రావడం ఏమంత బాగుండదు, చెబుతున్నాను.

మామకు తెలియకుండా బోణీ ఎలా? మొదటి పలక ఒక్కటే జరిపితే చెయ్యి పట్టేంత సందు వస్తుంది. అందులోంచి ఎవరో ఒకరం బిళ్ళ పెట్టిన చెయ్యి లోపలికి చాస్తాం, నోరు విప్పం. ఈ మాట చెప్పగానే మామకు రోషం వచ్చింది.

"నా అల్లుని చెయ్యి నాకు గుర్తువట్టరాదా? కండ్లు మూసుకోని చెప్త. పెట్టుండ్రి."

అలా మొదలైంది, గోడ మీద పాత చుక్కలూ గీతలూ తుడిచేసి. రోజూ పొద్దున్నే నేనూ నర్సింలూ ఇద్దరమూ పలక ముందు నిలబడేవాళ్ళం. అవ్వ గింజ వేసి వెనకగుమ్మం నుంచి మాకు సైగ చేసేది. పలక కిర్రున జరిగేది. సందులోంచి ఊదుబత్తి పొగ, దాని వెనక మామ అరచెయ్యి. నా చెయ్యి లోపలికి వెళితే, "మావోడే!" అని లోపలినుంచి కేక. మర్నాడు నర్సింలు చెయ్యి వెళ్ళింది. మామ బిళ్ళను తీసుకుని, ఒక్క క్షణం ఆ వేళ్ళు పట్టుకుని, "ఆహా, మావోడే! గిదీ చెయ్యంటే! దూది లెక్క ఉన్నది" అన్నాడు. పొద్దున్నే పిండి కలిపి, కట్టెలు చీల్చి వచ్చిన చెయ్యి అది. నర్సింలు పెదవి కొరుక్కుని, బయటికి తీసుకున్న తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. ప్రతిరోజూ మామకు నా చెయ్యే దొరికింది. ప్రతిరోజూ ఆయన ఉత్సాహంగా మిగతా పలకలు తీసి, మోకాళ్ళ నొప్పి మరిచి నిచ్చెనలెక్కి, ఖాసిం భాయ్‌ని కేకేసి పిలిచి మరీ మసూర్‌పప్పు అమ్మాడు. నర్సింలు ఆ వెంటనే నూనె తీసుకుని వెళ్ళి, ఆ రోజుల్లో గంట కొట్టకముందే బడిలో ఉండేవాడు. కానీ మాకిద్దరికీ తెలుసు, ఇది పరీక్ష ఉన్నన్నాళ్ళ ముచ్చటే. గోడ మీద గీతలు మళ్ళీ నా వైపే మొగ్గితే, వాడు మళ్ళీ రోడ్డవతల ఆ కొట్టు అరుగు పక్కకు పోవాల్సిందే, పదో తరగతి పరీక్ష సంగతి మరిచిపోవాల్సిందే.

చివరి రోజు రాత్రి, కట్టలు లెక్కపెట్టే వేళకు, మూర్తిగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. అవ్వ ఆయనకు చాయ్ ఇచ్చి, గోడ చూపించింది. సున్నం, పసుపు, గీతలు. ఎంతసేపు చూసినా ఏ చుక్క కింద గీతలు ఎక్కువో చెప్పలేం. ఆయన సగటు కట్టించారు. ఇటో అటో ఒక పిడికెడు సంచుల తేడా, అది కూడా నర్సింలు వైపు. మామ మోకాళ్ళు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గీ పసుపు చుక్కలేంది?"

"నర్సింలు చేసిన రోజులు రాజేశా" అంది అవ్వ.

"గిన్నా? నేను రోజు జగ్గుగాని చెయ్యే అనుకుంటి గద."

"నువ్వు అనుకున్నవ్. దూది లెక్క ఉన్నదంటివి, నేను ఇన్న" అని అవ్వ పేపరు మడిచి లై పూస్తూ నవ్వింది. "నవ్వుకుంట అమ్మితే కొన్నరు. మూతి ముడుసుకుంటె పోయిన్రు. గింజ నాదేగని, చెయ్యి ఎవలిదైతేంది?"

మామ ఎవరినీ తిట్టలేదు. గోడ వంక, నర్సింలు చేతుల వంక మార్చి మార్చి చూసి, దుకాణంలోకి వెళ్ళిపోయాడు. నర్సింలు నాతో, "ఒప్పుకోడురా. మస్తు చూసిన నేను గిసుంటోళ్ళని" అన్నాడు.

నాకు మిగిలిన పని ముగింపు రాయడం. అహంకారం చంపుకుని, "నా చెయ్యి మామూలు చెయ్యి అని తేలింది" అని రాసి ఇచ్చాను. త్యాగమంటే ఇదేనని నా కళ్ళు చెమర్చాయి. చెమర్చలేదు, కానీ చెమర్చేలాగే ఉన్నాయి. మూర్తిగారు ఆ వాక్యం కూడా కొట్టేశారు. "తేలలేదోయ్. మనం చూసినంతలో తేడా కనబడలేదు, అంతే. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పకు." ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. తేడా కనబడలేదు అంటే, అసలు లేదని కాదు కదా! ఆ సందును పట్టుకుని నేను ఇన్నేళ్ళు బతికాను. మొన్న ఆ కుర్రవాడి కొట్టుకు తలెత్తుకుని వెళ్ళానంటే దాని బలమే.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి గట్టిగా నమ్ముతున్నారు. ఈ నూనె గుండెకు మంచిదని కోడలు, ఆ పొడి మోకాళ్ళకు మంచిదని కొడుకు, ఫోన్‌లో ఎవరో చెప్పారట. ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటారు అని అడిగితే, "మామయ్యా, మీకు అన్నిటికీ పేచీ" అంటుంది కోడలు. మా రోజుల్లో మాత్రం అందరం ఎంత తెలివిగా ఉండేవాళ్ళమంటారా? లేము. నమ్మకాలు అప్పుడూ ఇన్నే ఉండేవి. కాకపోతే ఎవరి నమ్మకం వల్ల ఎవరు రోడ్డవతల నిలబడ్డారో అప్పుడు కళ్ళకు కనిపించేది. పలక జరిపితే ఎదురుగా ఉండేవాడు. ఇప్పుడు పొద్దున్నే ఎవరు ఎక్కడ ఎవరికోసం కాచుకున్నారో మనకు తెలియదు, సరుకు గుమ్మంలోకి వచ్చేస్తుంది.

మామ గోడ చూసిన మర్నాటి పొద్దున మాత్రం నాకు బాగా గుర్తు. పరీక్ష అయిపోయింది, గింజ వెయ్యలేదు. నేను త్వరగా లేచాను, ఎందుకో నిద్ర పట్టలేదు. బయటికి వచ్చేసరికి నర్సింలు పలక దగ్గర లేడు. రోడ్డవతల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. లోపల ఊదుబత్తి వాసన వచ్చింది, పలక జరిగింది. ఒకటి కాదు, మామ వరసగా అన్ని పలకలూ తీసి పక్కన పెట్టాడు, తొలి బేరం కాకముందే దుకాణమంతా తెరిచి. నేను బిళ్ళ చాపాను. ఆయన తీసుకోలేదు. నా తల మీదుగా రోడ్డు వైపు చూసి కేకేశాడు.

"ఏంరా నర్సింలూ, గాడ నిలవడ్డవ్? నూనె గావాల్నా, వద్దా? మీ అమ్మ పొయ్యి ముట్టిచ్చే యాళ్ళయింది."

నర్సింలు వెంటనే రాలేదు. ఒక జట్కా వెళ్ళిపోయేదాకా ఆగాడు. ఆ తరువాత సైకిలు మీద పాలవాడు వెళ్ళేదాకా ఆగాడు. రోడ్డంతా ఖాళీ అయ్యాక కూడా, చొక్కా సర్దుకుని, డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, మామ అరచెయ్యి చాపి కాచుకుని ఉండగా, నింపాదిగా అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డు దాటాడు.